నేరము సమితిదా, సభ్యులదా?

ఐక్యరాజ్యసమితి నిష్ప్రయోజనమని పలుకుట యిప్పుడొక పరిపాటియైనది. అందు పనిచేసినవారు ప్రభుత్వములు తమకు బలమీయలేదందురు. బయటనుండి చూచువారు ఉద్యోగులే నిద్రించిరందురు. ప్రభుత్వములు సమితితో తమకేమియు సంబంధము లేనట్లు "సమితి విఫలమైనది" అని తప్పుకొనుచున్నవి. ఈ మూడు మాటల విలువను రువాండా చరిత్ర తేల్చుచున్నది.

1994 జనవరి 11వ తేదీన అచ్చటి సమితి సేనాని, కెనడా దేశీయుడగు రోమియో డల్లేర్, న్యూయార్కునకు తంతి పంపెను. ఆయుధములు దాచబడియున్నవనియు, టుట్సీలను చంపుటకు సన్నాహము జరుగుచున్నదనియు నొక వేగు చెప్పెననియు, ఆ యాయుధములను తాను పట్టుకొందుననియు నందు తెలిపెను. వలదని ప్రత్యుత్తరము వచ్చెను. దేశాధ్యక్షునకును, మూడు దేశముల రాయబారులకును తెలుపుమని మాత్ర ముత్తరువయ్యెను. ఆ యధ్యక్షుని పక్షపు మూకలపైననే గదా యభియోగము! దొంగచేతికి తాళము లిచ్చుట యన నిదియే. భద్రతామండలి ముందు మాత్రము తంతి పెట్టబడలేదు.

ఏప్రిల్ 6న అధ్యక్షుని విమానము కూలగా సంహారము మొదలయ్యెను. పదిమంది సైనికులు హతులు కాగా బెల్జియము తన సేనను మరలించుకొనెను. ఏప్రిల్ 21న మండలి యేకగ్రీవముగా సమితిసేనను 270 మందికి తగ్గింప తీర్మానించెను. చంపించుచున్న ప్రభుత్వపు ప్రతినిధియు నాడు మండలిలో సభ్యుడే. నూఱు దినములలో సుమారు 8,00,000 మంది మడిసిరి.

1999లో ఇంగ్వార్ కార్ల్‌సన్ అధ్యక్షతను జరిగిన విచారణ, సచివాలయమును, మండలిని, సభ్యరాజ్యములను, మూటిని తప్పుపట్టెను. కాని యందఱి నేరమన్నంతనే యెవ్వరి నేరమును కాకుండ పోవుట మే మంగీకరింపము.

శాంతికి ముప్పు వాటిల్లునపుడు దానిని మండలి దృష్టికి తెచ్చు నధికారము సమితి చార్టరు 99వ అధికరణము ప్రధాన కార్యదర్శి కిచ్చియేయున్నది. ఆ యధికారము విధిగా మాఱవలెను. సేనాని యెచ్చరిక యే దినమున వచ్చునో యా దినముననే మండలికి చేరవలెను. ప్రతి సభ్యుడును తన యోటునకు కారణమును వ్రాసి ప్రకటింపవలెను. వేగుల ప్రాణములకు హాని యందురా? వారి పేరులు దాచవచ్చును; ఎచ్చరికను దాచ నేల? ఇట్లు చేసినంతమాత్రమున సేనలు కదలునా యందురా? కదలకపోవచ్చును. కాని "మే మెఱుగము" అను సాకు మాత్ర మే ప్రభుత్వమునకును మిగులదు. ప్రభుత్వములను ప్రశ్నింపవలసిన ప్రజలకు ముందుగా కావలసిన దదియే.