పచ్చ అంటే ఏ పచ్చ?

ఎప్పుడూ డిపాజిట్లు, నామినీలేనా, ఇంటి సంగతులు కూడా రాయండి అని మన సభ్యుల ఇళ్లలోని ఆడపడుచులు అడుగుతున్నారు. సరే, ఈసారి మా అక్క కూతురి శుభలేఖల కథ చెబుతాను. తప్పు నాదే కనుక దాచుకోవడానికేమీ లేదు.

అక్కావాళ్లది బాగేపల్లి. నేను పని చేసేది చింతామణిలో. అచ్చు వేయించింది చిక్కబళ్లాపురంలో. ముహూర్తం 23 రోజులుందనగా అక్క ఫోను చేసి, “కార్డు పచ్చగా ఉండల్ల, చుట్టూ ఎర్రంచు ఉండల్ల, అంతే రా” అంది. అచ్చుపని చేసే కుర్రాడు కన్నడిగుడు. నేను అతనితో కన్నడంలోనే మాట్లాడుతూ, అక్క అన్న ‘పచ్చ’ను మాత్రం ఉన్నదున్నట్టు దించేశాను. అతను అచ్చుతప్పులు చూడమని అక్షరాలను నలుపు తెలుపుల్లో పంపాడు. పేర్లు, తిథి, లగ్నం రెండుసార్లు సరిచూసి కానిమ్మన్నాను.

500 కార్డులు వచ్చాయి. నిఖార్సయిన అరటాకు రంగు! అక్క కట్ట విప్పి, “ఇది పెళ్లి పత్రికా, వనమహోత్సవం కరపత్రమా?” అని కూలబడింది. ఆమె అడిగింది పసుపు రంగు.

కుర్రాడిని నిలదీస్తే, “నీవే హేళిద్రల్ల సార్” అన్నాడు. నిజమే, చెప్పింది నేనే. అతని చెవికి పచ్చె అంటే మరకత పచ్చ. మనకో? పచ్చగడ్డీ పచ్చే, పచ్చకామెర్లూ పచ్చే. అందుకే ఆకుపచ్చ, పసుపుపచ్చ అని ముందొక మాట తగిలించుకుంటాం, తొందరలో ఆ మాటనే వదిలేస్తాం. తమాషా ఏమిటంటే మన పచ్చ, పసుపు, కన్నడం వారి హసిరు అన్నీ ఒకే ధాతువు పిల్లలు. మన పాలు వారికి హాలు, మన పులి వారికి హులి అయినట్టే ఆ పాతమాట వారి నోట ‘హ’ పలికి ఆకుల వైపు వెళ్లింది, మన ఇంట కొంత ఆకుల్లో ఉండి కొంత పసుపుకొమ్ములోకి చేరింది. ఇన్నేళ్లు రెండు భాషల మధ్య బతికి ఈ సంగతి 500 కార్డులు పోయాక తెలుసుకున్నాను.

ఆ నష్టం ఎవరిది? అప్పు తీసుకుని షాపు పెట్టిన కుర్రాడు. కిస్తీ తప్పితే ఏమవుతుందో నాకంటే ఎవరికి తెలుసు! కాగితం, సిరా ఖర్చు నేనే ఇచ్చాను. కూలి వద్దన్నాడు, అదీ సగం చేతిలో పెట్టి వచ్చాను.

రెండోసారి అక్క రవిక గుడ్డ ముక్క తీసుకుని స్వయంగా వెళ్లాను. “ఇదే రంగు కావాలి” అంటే అతను నవ్వాడు. పట్టుకు మెరుపుంటుంది, కాగితానికి ఉండదు సార్ అన్నాడు. నా ఫోనులో ఉన్న ఫొటో చూపిస్తే, అది అసలే పనికిరాదన్నాడు. ఫోను తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిపి రంగు చూపిస్తుందట. అచ్చు యంత్రం సియాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలతో గట్టెక్కాలి. తెర మీద ధగధగలాడే చిలకపచ్చ, నారింజ రంగులు ఆ నాలుగింటికి అందవు. నున్నని కాగితం మీద సిరా పైన నిలుస్తుంది, గరుకు కాగితం పీల్చుకుని మసకబరుస్తుంది. ఇక వినాయకుడి బొమ్మ బంగారు రంగులో కావాలంటే నాలుగు సిరాలు కలిపితే వచ్చేది ఆవపిండి రంగే. బంగారం కావాలంటే రేకు అద్దాలి, ఖర్చు వేరే. (మా బ్యాంకులో అప్రైజరు కూడా ఇంత నిక్కచ్చిగా చెప్పడు.)

“మరి ‘రిచ్‌గా ఉండాలి’, ‘కొంచెం డల్‌గా, కానీ బ్రైట్‌గా’ అనేవాళ్లతో ఏం చేస్తావయ్యా?” అన్నాను. వాళ్లను మాట్లాడనివ్వను సార్, పాత కార్డులు ముందర పరిచి వేలు పెట్టమంటాను అన్నాడు. విదేశాల్లో ఈ తంటా లేకుండా 1963లో లారెన్స్ హెర్బర్ట్ అనే ఆయన ప్యాంటోన్ పేరుతో రంగులకు నంబర్లు వేసి పుస్తకంగా తెచ్చాడు. మా కుర్రాడి దగ్గర అది లేదు గానీ, అతను ఒక చీటీ మీద సియాన్ 0, మెజెంటా 20, పసుపు 100, నలుపు 0 అని రాసిచ్చాడు. బి.కాం. చదివినవాణ్ణి, అంకెలు కనబడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఒక్క కార్డు నమూనా తీయించాను. ట్యూబులైటు కింద నిమ్మకాయ రంగులా ఉంది. గుండె జారింది. కుర్రాడు దాన్ని వాకిట్లోకి తెచ్చి ఎండలో పట్టాడు, అచ్చం పసుపే! చీరల అంగట్లో మన ఆడవాళ్లు చీరను గుమ్మం దాకా ఎందుకు తెస్తారో అప్పుడర్థమైంది. ఆ నమూనా బస్సులో బాగేపల్లి తీసుకెళ్లి, వెనకాల అక్క సంతకం పెట్టించి మళ్లీ తెచ్చిచ్చాను. స్పెసిమెన్ సంతకం లేకుండా మేము చెక్కు పాస్ చేయం కదా, అచ్చుకు మాత్రం నోటిమాట సరిపోతుందని ఎలా అనుకున్నానో!

శుభలేఖలు ముహూర్తానికి 11 రోజుల ముందు అందాయి. నాలుగు మూలలా పసుపు అద్దితే అది కార్డులో కలిసిపోయి కనబడలేదు. దానికి అక్క నన్నేమీ అనలేదు. ఆకుపచ్చ కార్డుల వెనక వైపు తెల్లగానే ఉంది కనుక, ఇప్పటికీ వాటి మీదే పాల లెక్క రాసుకుంటోంది.