పరుగు, కెమెరా వ్యర్థ వ్యాపకాలేనా?

“ఏంది సామీ, ఈ వయసులో మీకీ పరుగులేంది, మెడలో ఆ కెమెరా ఏంది?” అని మా కొమరోలులో నన్ను అడగనివారు అరుదు. అడిగేవారిలో చాలామంది నా రోగులే. నాడి చూసి చూర్ణం ఇచ్చే వైద్యుడు తెల్లవారుజామున పంచె విడిచి, బూట్లు తొడిగి, ఊరి బయటి మైదానం చుట్టూ పరుగెత్తడం వారికి వింత. ఆదివారాలు గుట్టల వెంట కెమెరా పట్టుకొని తిరగడం ఇంకా వింత. నవ్వి ఊరుకొనేవాణ్ణి. కానీ మొన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మధుమేహంతో పదేళ్ళుగా బాధపడుతున్నవారు, “సంసారం ఉన్నవాడికి ఇవన్నీ వ్యర్థ వ్యాపకాలు కావా?” అని గట్టిగానే అడిగారు. ఆయనకు చెప్పదలచిన సమాధానం ఈ పత్రిక పాఠకులకు కూడా పనికివస్తుందని తోచి వ్రాస్తున్నాను.

మధ్యతరగతి ఇళ్ళలో అభిరుచి అనగానే డబ్బు దండుగ, కాలం దండుగ అనే భావం పాతుకొనిపోయింది. పిల్లవానికి మార్కులు, యజమానికి ఉద్యోగం, ఇల్లాలికి వంట. వీటిలో చేరని పని ఏదైనా సిగ్గుపడవలసినదే అన్నట్లు ఉంటాము. నేనూ చాలాకాలం అలాగే ఉన్నాను.

గురుకులంలో ఉన్న రోజులలో చరకుడు వ్యాయామానికి చెప్పిన లక్షణాన్ని మా గురువుగారు పదం పదం విడదీసి బోధించేవారు. శరీరానికి స్థిరత్వాన్ని, బలాన్ని ఇచ్చే చేష్ట వ్యాయామం. అయితే అది ‘ఇష్ట’మైన చేష్ట కావాలి, తగిన మాత్రలో ఉండాలి. గురువుగారు ‘ఇష్ట’ అనే మాట దగ్గర ఆగి, “బరువు మోసే కూలివాని శ్రమ వ్యాయామం కాదురా, అది వానికి విధిలేక చేసే పని” అనేవారు. ఆ మాటను కంఠస్థం చేశాను కానీ దాని బరువు నలభై ఏళ్ళ వైద్యం తరువాత గాని తెలియలేదు. ఎన్ని వందలమందికి “రోజూ నడవండి” అని చీటీ మీద వ్రాసి ఇచ్చానో లెక్కలేదు. పక్షం రోజులు నడిచి మానివేసినవారే ఎక్కువ. ఏళ్ళ తరబడి నిలిచినవారిని చూస్తే, వారికి నడకలో ఏదో ఒక ఇష్టం దొరికింది. ఒకరికి స్నేహితుని మాటలు, ఒకరికి గుడి, ఒకరికి పొలం. ఔషధం చేదైనా మింగించవచ్చు గాని, ఇష్టం లేని వ్యాయామాన్ని మాత్రం రోగిచేత ఆరు నెలలు చేయించగల వైద్యుణ్ణి నేను చూడలేదు.

నా కథ చెబుతాను. 2017లో, నా యాభై ఏడవ ఏట, నాకే ప్రమేహం బయటపడింది. రోగులకు చెప్పే పథ్యాన్ని నేను పాటించని ఫలితం. సిగ్గుతో మైదానానికి వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడ కానిస్టేబుల్ ఎంపికల కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే కుర్రవాళ్ళు ఉండేవారు. వాళ్ళు నాలుగు చుట్లు తిరిగే లోపల నేను ఒకటి నడిచేవాణ్ణి. ఒకనాడు వాళ్ళలో ఒకడు, “తాతా, ఆ స్తంభం దాకా ఉరికి చూడు, మళ్ళీ నడువు” అన్నాడు. ఉరికాను. చిన్నతనంలో తప్ప ఎరగని ఉల్లాసం కలిగింది. మరునాడు ఎవరూ చెప్పకుండానే లేచాను.

అష్టాంగహృదయం వృద్ధుడు వ్యాయామాన్ని విడిచిపెట్టాలని చెబుతున్నది గదా అని శాస్త్రం తెలిసిన పాఠకులు ఆక్షేపించవచ్చు. నిజమే. చరకుని లెక్కలో మధ్యవయస్సు అరవైకి ముగుస్తుంది, వాగ్భటుని లెక్కలో డెబ్బై దాకా ఉన్నది. నాకు అనుకూలమైన లెక్కను ఎంచుకొన్నానని నా సహధర్మచారిణి అభిప్రాయం. ఏ లెక్క తీసుకొన్నా, బలంలో సగం వరకే శ్రమించాలన్న అర్ధశక్తి నియమం మాత్రం నాకు వర్తిస్తుంది. ఆ సగం ఎక్కడో సుశ్రుతుడు గుర్తులు చెప్పాడు. ఊపిరి నోటికి వచ్చినప్పుడు, నుదుటిమీద, ముక్కుమీద, చంకలలో, కీళ్ళ సందులలో చెమట పట్టినప్పుడు, నోరు ఆరుతున్నప్పుడు ఆగాలి. పక్కవానితో మాట్లాడగలిగినంత వరకే వేగం ఉంచుకొమ్మని ఈనాటి వైద్యులు చెప్పే సూత్రం దీనికి దగ్గరి చుట్టమే. కాలనియమం కూడా ఉన్నది. చలికాలంలో, వసంతంలో అర్ధశక్తి. మిగిలిన ఋతువులలో ఇంకా స్వల్పం. పడమట నల్లమల, తూర్పున వెలిగొండల నడుమ ఉన్న మా ప్రాంతంలో రోహిణికార్తెలో రోళ్ళు పగులుతాయి. ఆ రోజులలో నేను పరుగు పూర్తిగా మాని, తెల్లవారకముందు అరగంట నడిచి ఊరుకొంటాను.

ఈ నియమం మీరినవారు ఎలా దెబ్బతింటారో కళ్ళారా చూశాను. మూడేళ్ళ క్రితం మే నెలలో నలభై ఎనిమిదేళ్ళ బ్యాంకు ఉద్యోగి ఒకరు ఉదయం ఎనిమిది గంటలకు నా దగ్గరకు వచ్చారు. ఛాతీలో బరువు, ఎడమ భుజంలో లాగుడు, చల్లని చెమట. “వాయువు పట్టినట్లుంది, ఏదైనా చూర్ణం ఇవ్వండి” అన్నారు. చేతి గడియారం చూపించి, “ఈ రోజు పది కిలోమీటర్లు పూర్తి చేయాలి, ఇంకా రెండు మిగిలాయి” అని కూడా అన్నారు! నేను చూర్ణం పొట్లం కట్టలేదు. వెంటనే కారు పిలిపించి పెద్ద ఆసుపత్రికి పంపాను. గుండె రక్తనాళం మూసుకొనిపోయిందని తేలింది. స్టెంటు వేసి బ్రతికించారు. ఆనాడు నేను వాయువుకే మందిచ్చి పంపి ఉంటే ఏమయ్యేదో తలచుకొంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి. పరుగులో గాని, నడకలో గాని ఛాతీలో బరువు, దవడకో భుజానికో పాకే నొప్పి, కళ్ళు తిరగడం కలిగితే ఇంటివైద్యం జోలికి పోవద్దు. క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి. ఆయుర్వేద వైద్యుడుగా ఈ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు.

ఆయనను పడగొట్టినది పరుగు కాదని నా అభిప్రాయం, అంకె. ఇష్టం ఎక్కడో మధ్యలో జారిపోయి, అంకె ఒక్కటే మిగిలింది. అందరూ వేదవాక్యంగా చెప్పుకొనే పదివేల అడుగుల సంగతి చూడండి. 1964 టోక్యో ఒలింపిక్స్ ముగిసిన మరుసటి ఏడు జపానులో ఒక సంస్థ అడుగులు లెక్కించే పరికరాన్ని అమ్మకానికి పెట్టి, పదివేల అడుగుల కొలత అనే అర్థం వచ్చే పేరు పెట్టింది. ఆ పేరే నియమమై కూర్చున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పినది వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ మాత్రమే. అందులో అడుగుల లెక్క లేదు. హైదరాబాదులో 2011లో మారథాన్ మొదలైనది మొదలు మా ప్రాంతపు యువకులకు కూడా 42 కిలోమీటర్ల కోరిక పుట్టింది. నెలల తరబడి క్రమంగా సాధన చేసి వెళ్ళేవారిని నేను వారించను. ఎనభై దాటాక పరుగు పట్టి, 2011లో టొరంటోలో నూరేళ్ళ వయస్సులో మారథాన్ పూర్తి చేసిన ఫౌజా సింగ్ మన దేశంలో పుట్టినవాడే. కుమారుని పోగొట్టుకొన్న దుఃఖం నుండి ఆయనను లేపినది పరుగు. 2025 జూలైలో సొంత ఊరి దగ్గర రోడ్డు మీద వాహనం ఢీకొని మరణించాడు. అందుచేత రోడ్డు కంటె మైదానం మేలని, రోడ్డే గతి అయితే వాహనాలకు ఎదురుగా, లేతరంగు బట్టలతో వెళ్ళాలని మా కుర్రవాళ్ళకు చెబుతుంటాను.

అందరూ పరుగెత్తాలని నేను అనను. మా పశ్చిమ ప్రకాశంలో బోరునీటి ఫ్లోరైడు వలన వెన్ను, మోకాళ్ళు బిగుసుకొనిపోయినవారు చాలామంది. మార్కాపురం వైపు రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడినవారు ఉన్నారు. వీరికి పరుగు విషం. మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడేవారు జేబులో బెల్లంముక్క లేకుండా బయలుదేరరాదు, తిరిగి వచ్చాక అరికాళ్ళు పరీక్షించుకోవాలి.

పరుగెత్తలేనివారికి నేను కెమెరా చూపిస్తాను. 1984లో మార్కాపురంలో ఒక స్టూడియోవారి దగ్గర పాత ఆగ్ఫా క్లిక్ కెమెరా కొన్నాను. ఓషధులను గుర్తుపెట్టుకొనేందుకు అవసరమని ఇంట్లో చెప్పాను. అది సగం నిజం. నేలఉసిరిలో రెండు మూడు జాతులు ఒకే తీరుగా కనిపిస్తాయి. ఆకు అడుగున కాయల వరుస కనిపించేలా ఒక బొమ్మ ఉంటే శిష్యులకు చెప్పడం తేలిక, మొక్కను పెరకనక్కరలేదు. ఆ కెమెరాలో ఫిల్ముకు 12 బొమ్మలే. ఒక్కొక్క దానికి ముందు పావుగంట చూసేవాణ్ణి. ఎండ ఎటు, నీడ ఎటు, గాలి ఆగిందా. ఆ పావుగంటలో మనసు ఎంత కుదుటపడేదో! తిరిగి వస్తే ఏ నాలుగు మైళ్ళో నడిచి ఉండేవాణ్ణి, కాళ్ళకు ఆ సంగతే తెలిసేది కాదు. ఇప్పుడు సెల్‌ఫోనులో నిమిషానికి యాభై తీస్తున్నారు, ఒకటీ చూడడం లేదు. (నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యంలోనికి అనుమతి లేకుండా వెళ్ళరాదు. మొక్కలు చూడడానికి ఊరి గుట్టలు చాలు.) వ్యాపకం దండుగ అనేవారు రాజా దీన్‌దయాళ్‌ను తలచుకోవాలి. ఇండోరు ప్రభుత్వశాఖలో నక్షాలు గీసే ఉద్యోగిగా ఉండి ఇష్టంతో కెమెరా పట్టిన ఆయన, 1885లో ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైనాడు. మనమెవరమూ ఆస్థానాలకు వెళ్ళనక్కరలేదనుకోండి.

కెమెరా నాకు మరొక ఉపకారం చేసింది. 2020 ప్రాంతంలో నా బొమ్మలన్నీ మసకగా రాసాగాయి. కటకం చెడిందనుకొన్నాను. తెల్లవారుజామున వీధిదీపం చుట్టూ వలయం కనిపించసాగింది. ఆరు నెలలు త్రిఫలా కషాయంతో కళ్ళు కడుగుకొన్నాను, త్రిఫలాఘృతం సేవించాను. ఇతరులకైతే ఇంతకాలం చెప్పి ఉండేవాణ్ణి కాదు. మనదైతే అహంకారం అడ్డు వస్తుంది. చివరకు మా కోడలు బలవంతాన కంటి ఆసుపత్రికి తీసుకొనిపోతే రెండు కళ్ళలోను శుక్లాలు. త్రిఫల మంచిదే, శుక్లాన్ని మాత్రం కరిగించదు. పక్వమైన కఫజ లింగనాశానికి సుశ్రుతుడే శస్త్రకర్మ చెప్పాడు, నేనే మరచాను. 2021లో శస్త్రచికిత్స అయిన తరువాత కంభం చెరువుకు వెళ్ళి చూస్తే నీళ్ళు నీలంగా ఉన్నాయి. కొన్నేళ్ళుగా నాకవి పలచని ఆముదం రంగులో కనిపిస్తున్నాయని అప్పుడు గాని తెలియలేదు.

మరీ దగ్గరి వస్తువులను అదేపనిగా చూడడం కంటికి మిథ్యాయోగమని, మిక్కిలి వెలుగును చూడడం అతియోగమని చరకుడు చెప్పాడు. సెల్‌ఫోను మొదటిదానికి చక్కని ఉదాహరణ. దూరపు కొండను, ఎగిరే పక్షిని చూసే అలవాటు ఆ కళ్ళకు విశ్రాంతి. కెమెరా అద్దం గుండా సూర్యుణ్ణి మాత్రం ఎన్నడూ చూడవద్దు, దృష్టి శాశ్వతంగా పోవచ్చు. ఇక పాదాభ్యంగం. పాదాలకు నూనె మర్దన కంటికి మేలని మన గ్రంథాలన్నీ చెబుతాయి. పాదం నుండి కంటికి పోయే సిర ఈనాటి శరీరశాస్త్రంలో కనిపించదని నేనూ ఒప్పుకొంటాను. కానీ రాత్రి పడుకొనే ముందు గోరువెచ్చని నువ్వులనూనె అరికాళ్ళకు పది నిమిషాలు మర్దించి తుడుచుకొంటే నిద్ర బాగా పడుతుంది, నిద్ర పట్టిన కళ్ళు మంటలెత్తవు. పరుగెత్తిన పిక్కలకూ ఇదే మందు. పుండ్లు, పగుళ్ళు ఉన్న మధుమేహులు మాత్రం రుద్దరాదు.

ఒక తప్పు ఒప్పుకోవాలి. “రోజంతా ఇంటిపని చేస్తున్నాను గదా, నాకు వేరే వ్యాయామమెందుకు?” అని అడిగిన స్త్రీలకు, “అవునమ్మా, అదే చాలు” అని ఎన్నో ఏళ్ళు చెప్పాను. గురువుగారు కూలివాని గురించి చెప్పిన మాట ఇల్లాలికి వర్తిస్తుందని నాకు తట్టలేదు. నా ఇంట్లోనే ముప్పై ఐదేళ్ళు చాకిరీ చేసిన మనిషికి మోకాళ్ళు పట్టి, రక్తపోటు వచ్చి, ముఖంలో నవ్వు తగ్గింది. లేహ్యాలు ఇచ్చాను, తైలాలు ఇచ్చాను. ఆమెకంటూ ఒక గంట ఇవ్వలేదు. కళ్ళు బాగుపడిన తరువాత ఒక ఆదివారం, “నన్నూ తీసుకుపోరాదా?” అన్నది. అప్పటి నుండి ఆదివారం వంట మధ్యాహ్నం మొదలవుతుంది, ఉప్మా నేను కలుపుతాను. మొదట ఫర్లాంగు నడిస్తే కూర్చొనేది, ఇప్పుడు మైలున్నర నడుస్తుంది. రక్తపోటు మాత్ర మానలేదు, మాననివ్వను కూడా. మోకాళ్ళ నొప్పి సగమే తగ్గిందని ఆమే చెబుతుంది.

పోయిన మాఘమాసంలో బస్సులో కంభం చెరువుకు వెళ్ళాము. గుండ్లకమ్మకు అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్టిన ఆ చెరువుకు 2020లో అంతర్జాతీయ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. కట్టమీద నేను కొంత దూరం పరుగెత్తి వస్తానని కెమెరా ఆమె చేతికిచ్చాను. ఇంటికి వచ్చి చూసుకొంటే నా బొమ్మలన్నీ కొంగలు. ఆమెవి పదకొండు. వలలు విప్పుతున్న బెస్తలు, బట్టలు ఉతుకుతున్న తల్లీకూతుళ్ళు, గేదె మీద నిద్రపోతున్న పిల్లవాడు. ఆఖరుది నేను. వంగి మోకాళ్ళమీద చేతులు పెట్టుకొని, నోరు తెరచి రొప్పుతున్నాను. నుదుటిమీద, ముక్కుమీద చెమట స్పష్టంగా కనిపిస్తున్నది.

“అర్ధశక్తి దాటినట్లున్నారే” అన్నది.