టీబీకి మాత్రతో పాటు పప్పు కూడా కావాల

అన్నా, అక్కా, మన గుమ్మఘట్ట తాండాల్లో ఎవరికన్నా దగ్గు పట్టుకుని ఒళ్ళు చిక్కిపోతే ముందు వినపడే మాట "బీడీలు తాగి తెచ్చుకున్నాడు" అని. బీడీ చెరుపు చేస్తుంది, నిజమే. కానీ టీబీ తెచ్చేది ఒక సూక్ష్మజీవి. 1882లోనే రాబర్ట్ కాక్ కనిపెట్టి చెప్పినాడు. దగ్గితే గాల్లో కలిసి పక్కోళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పోయినా వంద మందిలో ఐదు నుంచి పది మందికే జబ్బవుతుంది, మిగతావాళ్ళలో అట్లనే పడుంటుంది. ఒంట్లో సత్తువ తగ్గితే లేస్తుంది.

మనకి సత్తువ ఏడుంది? బుడ్డల పంట ఎండితే బెంగళూరికి మూట కడతాం. ఒక్క రేకుల షెడ్డులో ఏడెనిమిది మంది. ఈ క్రిమి ఒకటి రెండు కావడానికే దాదాపు ఒక రోజు పడుతుంది, అంత నిదానం. అందుకే మందు ఆరు నెలలు. దగ్గు తగ్గిందని రెండు నెలలకే ఆపితే మందులకు లొంగని టీబీ అయ్యే ప్రమాదముంది. వలస పోయేముందు నిక్షయ్ నంబరు అడిగి రాసుకోండి, ఆ ఊరి సర్కారు ఆసుపత్రిలో అదే నంబరుతో మందులు కొనసాగించొచ్చు.

జార్ఖండ్‌లో టీబీ రోగుల ఇంట్లోవాళ్ళకి నెలనెలా బియ్యం, పప్పు ఇచ్చి చూశారు. కొత్తగా జబ్బు పడేవాళ్ళు దాదాపు 40 శాతం తగ్గారని 2023లో తేలింది. మనకేమో రోగికి నెలకు 1000 రూపాయలు. ఇంట్లోవాళ్ళ పోషణ దాతల దయ. అదెందుకు దయ కావాల? రోగి ఉన్న ప్రతి ఇంటికీ రేషన్‌ షాపులోనే పప్పు ఇయ్యమని గ్రామసభలో తీర్మానం పెడదాం.