సర్హద్ దగ్గర రేడియో ఎవరి మాట వింటుంది?



బార్డర్ దగ్గరి ఊళ్ళల్లో రాత్రయితే పాకిస్తాన్ రేడియో గట్టిగా పలుకుతోందని, మన స్టేషన్ గరగరలాడుతోందని అప్పుడప్పుడు ఒక ఖబర్ వస్తుంది. దాని వెనకే ఇంకో మాట వస్తుంది: "వినేవాళ్ళు ఉంటేనే కదా అది మోగేది." ఆ మాట ఎవరిని ఉద్దేశించి అంటారో మన ఇళ్ళల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అందుకే రాస్తున్నాను. రేడియో పట్టడానికీ వఫాదారీకీ ఏ సంబంధమూ లేదు. దీనికి సుబూత్ ఆకాశంలోనే ఉంది.

మీడియం వేవ్, అంటే మనం ఏఎం అనుకునేది, పగలు ఒకలా రాత్రి ఒకలా నడుస్తుంది. పగటిపూట తరంగం నేలను పట్టుకుని పాకుతుంది. పైకి పోయినదాన్ని 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఎండకు తయారయ్యే ఒక పొర మింగేస్తుంది. మగ్రిబ్ అయ్యాక ఆ పొర కరిగిపోతుంది. అప్పుడు తరంగం ఇంకా పైకి పోయి, అక్కడి పొరలకు తగిలి, వందల కిలోమీటర్ల దూరంలో కిందికి దిగుతుంది. ఇషా వేళకు రేడియోలో ఊరూపేరూ తెలియని స్టేషన్లు పలకడానికి సబబ్ ఇదే. లాహోర్‌దైనా జలంధర్‌దైనా తరంగం ఇజాజత్ అడిగి దిగదు. అక్కడ ఇంట్లో కూర్చుని నాబ్ తిప్పే ముసలాయన చేసిన కసూర్ ఏమీ లేదు.

నేల సంగతి కూడా చెప్పాలి. ఉప్పునీటి మీద, చెమ్మనేల మీద ఏఎం హాయిగా చాలా దూరం పోతుంది. రాతినేల మీద, ఎండుకొండల మీద తొందరగా అలిసిపోతుంది. గుజరాత్‌లో రాజ్‌కోట్ దగ్గర ఆకాశవాణి 1000 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌ను 1071 కిలోహెర్ట్జ్ మీద నిలబెట్టింది. మన హైదరాబాద్ ఎ స్టేషన్ 200 కిలోవాట్లది, దానికి ఐదింతలు. కచ్ ఉప్పుమైదానం, అరేబియా సముద్రం దాటి సింధ్ తీరం దాకా ఆ ఆవాజ్ పోవడంలో వింత లేదు. అదే జమ్మూ నుంచి పూంచ్ వైపు చూడండి, మధ్యలో కొండల మీద కొండలు. అక్కడ ఎఫ్‌ఎం పెట్టి చేతులు దులుపుకుంటే, ఎఫ్‌ఎం కంటిచూపులాంటిది, కొండ అడ్డం వస్తే ఆగిపోతుంది. లోయలో ఉన్నవాడికి మిగిలేది ఖామోషీ, లేకపోతే పొరుగు ముల్క్ స్టేషన్.

ఇక గొడవ ఎక్కడంటే, చోటు చాలా తక్కువ. మన వైపు దేశాలన్నీ 1975లో జెనీవాలో కూర్చుని ఒప్పుకున్న లెక్క ప్రకారం మీడియం వేవ్‌లో స్టేషన్‌కీ స్టేషన్‌కీ 9 కిలోహెర్ట్జ్ దూరం ఉండాలి. 531 నుంచి 1602 దాకా లెక్కేస్తే మొత్తం 120 గదులే. (పిల్లలకు ఒక ఆట చెప్పండి: హైదరాబాద్ 738, విజయవాడ 837, రాజ్‌కోట్ 1071. ఏ అంకెనైనా 9తో భాగించమనండి, శేషం రాదు.) ఆసియా, యూరప్, ఆఫ్రికా మొత్తానికీ ఈ 120 గదులే కాబట్టి ఒకే గదిలో చాలామంది కాపురం ఉండక తప్పదు. పగలు ఒకరికొకరు కనపడరు. రాత్రి అందరూ ఒకేసారి మాట్లాడతారు. ఒకే చానల్ మీద రెండు స్టేషన్లు కలిస్తే పాట అలలా పైకి లేస్తూ మునుగుతూ ఉంటుంది. పక్క చానల్ గట్టిదైతే సన్నని ఈల. దీన్ని చాలామంది దుష్మన్ పని అనుకుంటారు. కావాలని అడ్డుపడేవాళ్ళూ ఉన్నారు, సోవియట్ రష్యా బీబీసీ మీద ఏళ్ళ తరబడి చప్పుడు కుమ్మరించింది. కానీ మామూలు రాత్రుళ్ళలో వినిపించే గరగరలో ఎక్కువ భాగం ఇరుకిల్లు సమస్యే.

సర్హద్‌ను అడ్డం పెట్టుకుని ఆట ఆడినవాళ్ళు అన్నిచోట్లా ఉన్నారు. అమెరికాలో బ్రింక్లీ అనే డాక్టరు, మగతనానికి మేక గ్రంథుల ఆపరేషన్ అమ్మినవాడు, 1930లో రేడియో లైసెన్స్ పోగొట్టుకున్నాక నది దాటి మెక్సికోలో స్టేషన్ పెట్టి, ఆ ఒడ్డు నుంచి అమెరికా అంతా వినపడేలా తన మందుల గురించి మాట్లాడాడు. అక్కడ దుష్మనీ ఏమీ లేదు, ఒట్టి తిజారత్.

మన దగ్గర కథ వేరు, ఇది జంగ్‌తో ముడిపడింది. ఆకాశవాణి బయటి ముల్కుల కోసం మాట్లాడటం మొదలుపెట్టింది 1939 అక్టోబర్ 1న, పష్తోలో, జర్మనీ ప్రచారానికి జవాబుగా. ఉర్దూ సర్వీస్ పుట్టింది 1965లో, అది ఏ సంవత్సరమో మీకు తెలుసు. జవాబు చెప్పడానికి పుట్టిన సర్వీస్ కొన్నాళ్ళకే ఫర్మాయిష్ పాటల సర్వీస్ అయిపోయింది. అవతలి నుంచి ఖత్‌లు వచ్చేవి: ఫలానా పాట వేయండి, ఫలానా మొహల్లా ఇప్పుడెలా ఉందో చెప్పండి అని. తక్సీమ్‌లో ఇల్లు వదిలినవాళ్ళకు తమ ఊరి పేరు పలికే ఆవాజ్ అదొక్కటే. తోపులా తయారుచేసిన ట్రాన్స్‌మిటర్‌ను జనం కిటికీలా వాడుకున్నారు. హుకూమత్‌లకు ఈ మాట ఎప్పుడూ పూర్తిగా నచ్చలేదు, ఇటూ నచ్చలేదు అటూ నచ్చలేదు. 2025 మేలో పాకిస్తాన్ ఎఫ్‌ఎం స్టేషన్లు హిందుస్తానీ పాటలు ఆపేశాయి. ఎవరి వతన్‌కు ఏం ఫాయిదా వచ్చిందో నాకైతే అర్థం కాలేదు.

ఉర్దూ వినపడగానే అది అవతలి జబాన్ అనుకునేవాళ్ళకు హైదరాబాద్ తారీఖ్ గుర్తు చేయాలి. 1935 నుంచి నిజాం సర్కార్ చేతిలో ఉన్న దక్కన్ రేడియో ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం కూడా మాట్లాడింది. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసిపోయింది. ఉర్దూ, తెలుగు ఒకే స్టూడియోలో కూర్చున్నాయంటే అది మన ఇంటి సంగతే.

ఇంతకీ ఇప్పుడు అసలు ఫికర్ ఏమిటంటే, ఏఎం ట్రాన్స్‌మిటర్లు ఒకదాని తర్వాత ఒకటి మూతపడుతున్నాయి. ఖర్చు ఎక్కువంటారు, నిజమే, 1000 కిలోవాట్ల మిషన్ కరెంటు బిల్లు తమాషా కాదు. వినేవాళ్ళు తగ్గారంటారు, అదీ నిజమే. బదులుగా డీఆర్‌ఎం అనే డిజిటల్ పద్ధతి తెచ్చారు, ఆవాజ్ అద్దంలా ఉంటుంది. కానీ ఆ సెట్టు ధర చూశారా? కొత్త కార్లు కొన్నిటిలో వస్తోంది సరే, మేకలు కాచుకునే గుజ్జర్ దగ్గర కారు ఉందా? నగరాల్లో మూసేయండి, నేనేమీ అనను. సర్హద్ మీద మూయడం మాత్రం తప్పు. మన గది మనం ఖాళీ చేస్తే అది ఖాళీగా ఉండదు. ఆ రాత్రే పక్కవాడి ఆవాజ్ వచ్చి కూర్చుంటుంది. తర్వాత మళ్ళీ అదే ఖబర్, మళ్ళీ అదే అనుమానం, అదే ఊళ్ళ మీద.

2019 ఆగస్టులో కశ్మీర్‌లో ఫోన్లు, ఇంటర్నెట్ అన్నీ బంద్ అయినప్పుడు బీబీసీ ఏం చేసిందో చూడండి. పాతబడిందని అందరూ వదిలేసిన షార్ట్‌వేవ్ మీద ఉర్దూలో రోజూ 15 నిమిషాల ప్రోగ్రాం మొదలుపెట్టింది. బటన్ నొక్కి ఎవరూ ఆపలేని ఖబర్ రేడియో ఒక్కటేనని వాళ్ళకు తెలుసు. మన ఆకాశవాణికీ తెలుసు, ఒప్పుకోవడమే కష్టంగా ఉంది.

సముద్రం మాట కూడా చెప్పుకోవాలి, ఇది మన తెలుగువాళ్ళ గాయం. శ్రీకాకుళం వైపు మత్స్యకారులు గుజరాత్‌లో వెరావల్ నుంచి బోట్ల మీద కూలికి పోతారు. 2018 నవంబర్‌లో అలా వెళ్ళినవాళ్ళను పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర ఇంటివైపు అడుగుపెట్టారు. పద్నాలుగు నెలలు. నీళ్ళ మీద గీత ఎవరికి కనిపిస్తుంది? అదే నీళ్ళ మీద రాజ్‌కోట్ తరంగం ఏ అడ్డూ లేకుండా అటు పోతుంది, అటుది ఇటు వస్తుంది. దానికి జైలు లేదు. రేడియో దారి చూపించదు, అందుకు జీపీఎస్ ఉంది, సరే. కానీ ఫోన్ సిగ్నల్ పోయిన చోట కూడా బోటు మీద చవక సెట్టు పలుకుతుంది. అంత పెద్ద ట్రాన్స్‌మిటర్ మీద గుజరాతీలో, హిందీలో, తెలుగులో రోజూ ఐదు నిమిషాలు గాలివాన ఖబర్, హద్దు ఎంత దగ్గరైతే ఎంత ఖతరో చెప్పే మాట వేస్తే దానికి పెట్టే కరెంటు హలాల్ అవుతుంది. మన ఎంపీలను అడగాల్సింది ఇది. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు ముందు అడగాలి.

ఇంట్లో పాత సెట్టు ఉన్నవాళ్ళకు ఒక మాట. ఏఎం పనిచేయడం లేదని పారేయకండి. ఇంట్లో ఫోన్ చార్జర్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్ చేసే చప్పుడే దాన్ని చంపుతోంది. అవన్నీ ఆపి, ఇషా తర్వాత మిద్దె మీదికి తీసుకెళ్ళండి. సెట్టు లోపల నల్లటి కడ్డీ ఒకటి ఉంటుంది, అదే ఏరియల్. దాని కొన స్టేషన్ వైపు తిరిగితే ఆ స్టేషన్ సన్నగిల్లుతుంది, పక్కకు తిరిగితే గట్టిగా వస్తుంది. రెండు స్టేషన్లు కలిసి గోల చేస్తుంటే సెట్టును మెల్లగా తిప్పండి. ఒకటి తగ్గి ఇంకొకటి బయటికొస్తుంది.