పూలవానతో తీరని ఋణము

2020 మే 3వ తేదీన మన సైనికదళములవారు కరోనా రోగులకు సేవచేయుచున్న ఆసుపత్రులపై హెలికాప్టరులనుండి పూలవాన కురిపించిరి. సికిందరాబాదులోని గాంధీ ఆసుపత్రి ముంగిటను సైతము ఆ పూలు రాలినవి. సరిగా సంవత్సరము గడచిన పిమ్మట, 2021 మే 3వ తేదీన, కేంద్రప్రభుత్వమువారు మఱియొక నిర్ణయమును ప్రకటించిరి. రెండవ విజృంభణములో వైద్యుల కొఱత దుర్భరమగుటచే హౌస్‌సర్జన్లను ఆచార్యుల పర్యవేక్షణలో కరోనా విధులకు నియోగింపవచ్చుననియు, ఎం.బి.బి.ఎస్. తుదిసంవత్సరపు విద్యార్థులను టెలిఫోనుద్వారా సలహాలిచ్చుటకును, స్వల్పలక్షణములుగల రోగులను కనిపెట్టియుండుటకును వినియోగింపవచ్చుననియు దాని సారాంశము. మొదటి మే నెలలో పూలు వచ్చినవి. రెండవ మే నెలలో పిలుపు వచ్చినది. ఆ పిలుపు నందుకొన్న యువతీయువకుల మనస్సుల కేమైనదో విచారించుట జాతికి విధి యని మేము తలంచుచున్నాము.

వైద్యవిద్యార్థి మృత్యువును మొదట శవచ్ఛేదశాలలోని బల్లపై చూచును. అచట మృతునకు పేరు లేదు. కరోనా వార్డులో అట్లు గాదు. నిన్న మాటలాడిన రోగి నేడు లేడు. బంధువులకు లోనికి ప్రవేశము లేకుండుటచే రోగి కడపటి మాట విన్నవాడును, ఇంటికి మరణవార్త తెలిపినవాడును పెక్కుచోట్ల ఈ చిన్నవైద్యుడే యయ్యెను. పి.పి.ఇ. కిట్టులో చెమటతో తడిసి, గంటలతరబడి మంచినీరైన త్రాగక పనిచేసి, తనవలన తల్లిదండ్రులకు జబ్బు సోకునేమో యని జంకి, సెలవు దొరికినను ఊరికి బోనివారెందఱో కలరు.

ఇట్టి యనుభవము మనుష్యుని క్రుంగదీయుట సహజము. అయినను క్రుంగినవారిలో కొందఱు మునుపటికంటె గట్టిపడి లేచుచున్నారను సంగతిని మనస్తత్త్వశాస్త్రజ్ఞులు గుర్తించిరి. అమెరికాలో ఉత్తర కరోలినా విశ్వవిద్యాలయపు షార్లెట్ శాఖయందలి టెడెస్కీ, కాల్హూన్ అను ఆచార్యులు దీనిని గూర్చి పరిశోధించి 1996లో 21 అంశములుగల ప్రశ్నావళిని ప్రకటించిరి. తన బలము తనకు తెలియుట, ఇతరులతో బాంధవ్యము గాఢమగుట, జీవితమునకు విలువ హెచ్చుట, క్రొత్త మార్గములు గోచరించుట, ఆధ్యాత్మికదృష్టి మాఱుట అను ఐదు విధముల ఈ ఎదుగుదల కనబడునని వారు చెప్పిరి. వైద్యవిద్యార్థి విషయమున దీని యర్థము సులభగ్రాహ్యము. రోగిని పడకసంఖ్యతో పిలిచినవాడు పేరుతో పిలుచుట నేర్చును. చేతనైనంత చేసినను ప్రాణము నిలువదని తెలిసినవేళ ఆ నిజమును దయతో చెప్పుట నేర్చును. ఏ పాఠ్యపుస్తకమును ఈ విద్యను పూర్తిగా నేర్పజాలదు.

కాని యిచట నొక ప్రమాదము పొంచియున్నది. ‘కష్టములే వారిని తీర్చిదిద్దినవి గదా, ఇంక విచార మేల?’ యని అధికారులును, పెద్దలును చేతులు దులుపుకొనవచ్చును. తనకు ఆపదలు ఎల్లప్పుడును కలుగవలెనని కుంతీదేవి శ్రీకృష్ణుని వేడినట్లు భాగవతము చెప్పుచున్నది. ఆమె తన కొఱకు వేడినది. ఒరుల బిడ్డలకు ఆపదను కోరు అధికారము ఎవ్వరికిని లేదు. పైగా, ఈ ఎదుగుదల ఆపదవలన గాక ఆపదతో మనస్సు చేయు పోరాటమువలన కలుగునని పైన చెప్పిన ఆచార్యులే స్పష్టపఱచిరి. దుఃఖమును, ఎదుగుదలయు ఒకే హృదయమున కలసి యుండవచ్చును. ఎదుగలేక నలిగినవాడు దోషియు గాడు. ఆ పోరాటమునకు విశ్రాంతి కావలెను, మనసు విప్పి చెప్పుకొనుటకు తోడు కావలెను, వినెడి గురువు కావలెను.

మనము వారికి ఇచ్చిన దేమి? 2021 ఏప్రిలు 18న జరుగవలసిన నీట్ పి.జి. పరీక్ష వాయిదాపడి సెప్టెంబరు 11న జరిగెను. సీట్ల కేటాయింపు 2022 జనవరి 12న గాని ఆరంభము కాలేదు. క్రొత్తవారు రాకపోవుటచే ఉన్న రెసిడెంటు వైద్యులపై భారము పెరిగి, 2021 డిసెంబరులో వారు ఢిల్లీ వీథులకెక్కవలసివచ్చెను. మఱి 2024లో జాతీయ వైద్యసంఘము నియమించిన కార్యదళము తన నివేదికను వెల్లడించెను. దాని ప్రశ్నలకు సమాధానమిచ్చిన ఎం.బి.బి.ఎస్. విద్యార్థులలో నూటికి 16.2 మందికిని, పి.జి. విద్యార్థులలో నూటికి 31.2 మందికిని ఆత్మహత్యాచింత కలిగినదట! ఇదియంతయు కరోనా ఫలమని మేము అనము. కాని ఇట్టి నేలలో ఎదుగుదల యను మొక్క ఎట్లు వేరూనగలదు?

పి.జి. వైద్యవిద్యార్థులచే వారమునకు 74 గంటలకు మించి పని చేయింపరాదనియు, వారమున కొక దినము సెలవీయవలెననియు ఆ కార్యదళమే సూచించినది. ఈ సూచన కాగితముపై నిలిచిపోరాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు తమ కళాశాలలలో దీనిని అమలుపఱచి, గంటల లెక్కను బహిరంగముగా ప్రకటింపవలెను. ప్రతి కళాశాలయందును మనోవైద్యసహాయము ఉండవలెను. ఆ సహాయము కోరిన విద్యార్థి పేరు పరీక్షాధికారుల చెవిని పడరాదు. మరణమును చూచిన దినమున విద్యార్థులను చేరబిలిచి మాటలాడించుట ఆచార్యులు తమ బోధనలో భాగముగా నెంచవలెను. దీనికి ధనము అక్కఱలేదు. అరగంట కాలమును, ఆర్ద్రమైన మనస్సును చాలును.

ఇంకొక ఆపద రాకమానదు. అది తుఫాను కావచ్చును, అంటువ్యాధి కావచ్చును. నాడును మనము ఈ బిడ్డలనే పిలుతుము; వారును వత్తురు. పిలుచు హక్కు మన కుండవలెనన్నచో, వారు తిరిగివచ్చినపుడు వారి మాట వినెడి ఓపికయు మన కుండవలెను. పూలు ఆ సాయంకాలమునకే వాడిపోయినవి. ఋణము మాత్రము నిలిచియున్నది.