మతి చలించిందని తేల్చేముందు

నిన్నమొన్నటి వరకు చలాకీగా తిరిగిన ఇరవై ఏళ్ల బిడ్డ కొద్ది రోజుల్లోనే నిద్ర మాని, లేనిపోని అనుమానాలతో పొంతనలేని మాటలాడితే ‘గాలి సోకింది’ అని ఒకరు, ‘మతి చలించింది’ అని మరొకరు తీర్పు చెబుతారు. మూడో కారణం కూడా ఉన్నదని మీరు ఎరగాలి. శరీరాన్ని కాపాడవలసిన ప్రతిరక్షకాలే మెదడుపై దాడి చేయవచ్చు. అదే ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్.

2009లో 24 ఏళ్ల న్యూయార్క్ పాత్రికేయురాలు సుజానా కాహలాన్‌కు ఇదే సంభవించింది. ఎమ్మారై మామూలుగానే ఉంది. డాక్టర్ సుహేల్ నజ్జార్ గడియారం బొమ్మ గీయమంటే, ఆమె అంకెలన్నీ కుడిపక్కనే వేసింది. మెదడులో వాపు ఉన్నట్టు ఆ బొమ్మే సూచించింది. చికిత్సతో కోలుకొని ఆమె తిరిగి ఉద్యోగంలో చేరింది.

ప్రవర్తనలో మార్పుతో పాటు మూర్ఛ, మతిమరుపు, మాట తగ్గడం, నోరు, ముఖం వాటంతటవే కదలడం కనిపిస్తే జాప్యం చేయకుండా నరాల వైద్యుని కలవండి. వెన్ను నీటిలో ప్రతిరక్షకాల పరీక్ష గురించి అడగండి. యువతులలో అండాశయపు కణితి కూడా దీనికి కారణం కావచ్చు గనుక ఆ స్కానింగు అవసరం.

యువతలో హఠాత్తుగా తలెత్తిన తొలి ఉన్మాదానికి మానసిక వ్యాధి అని పేరు పెట్టేముందు, మెదడువాపు లేదని నిర్ధారించుకోవడం వైద్యుని విధి అని నా దృఢాభిప్రాయం. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ వంటి చికిత్స ఎంత త్వరగా మొదలైతే బిడ్డ అంత బాగా కోలుకునే అవకాశం ఉంది.