అక్షరానికి నెంబరు ఒక్కటే కావాలి, మాటకు కాదు

కంప్యూటరు గొడవ మనకెందుకని కొందరు అడుగుతున్నారు. మన కరపత్రం, మన పాట, దాడుల మీద మన నిజనిర్ధారణ నివేదిక ఇవాళ తయారయ్యేదీ, దాచేదీ కంప్యూటర్లోనే. కాబట్టి ఇది మన గొడవే.

కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె ఒక్కటే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక నెంబరు ఇయ్యాలి. 1990లలో తెలుగు ఫాంట్లు చేసిన కంపెనీలు ఎవరి నెంబర్లు వాళ్లు పెట్టుకున్నాయి. ఆ ఫాంట్లు రావడం మంచిదే. సీసం అచ్చులు పేర్చే ప్రెస్సు చుట్టూ తిరిగే పని తప్పింది, డి.టి.పి. సెంటర్లో రాత్రికి రాత్రే కరపత్రం తయారైంది. కానీ ఆ ఫాంటు లేని చోట అదే ఫైలు తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనబడతాయి. డబ్బున్న పత్రికలు పాత ఫైళ్లను మార్పించుకోగలవు. వాడల నుంచి వచ్చిన చిన్న పత్రికలకు ఎవరు మార్చి పెడతారు? ఎవరి తాళం వాళ్లు వేసుకుంటే అది ముందు బిగిసేది లేనోడి గొంతుకే.

ఈ తాళం తీసింది యూనికోడ్ అనే ఉమ్మడి పట్టిక. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గళ్లు పెట్టారు. ఏ ఊళ్లో, ఏ మిషన్లో అయినా 'అ'కు ఒకటే నెంబరు. అక్షరం వంపు ఎట్లుండాలో అది శాసించదు. ఎవరైనా కొత్త ఫాంటు చేసుకోవచ్చు. అడుగున ఉమ్మడి, పైన స్వేచ్ఛ. 1927లో మహద్ చౌదార్ చెరువు దగ్గర బాబాసాహెబ్ పోరాడిందీ ఉమ్మడిది అందరికీ అందాలనే.

అట్లని ఉమ్మడి పేరుతో వచ్చే ప్రతిదానికీ తలూపలేం. స్పెల్ చెకర్ అనేదొకటుంది. తన జాబితాలో లేని మాట కింద ఎర్రగీత గీస్తుంది. ఆ జాబితాను పాఠ్యపుస్తకాల తెలుగుతోనే నింపితే 'వస్తున్నాడు' ఒప్పు, 'వస్తుండు' తప్పు అవుతుంది. బడిలో పంతులు మన పిల్లల పలుకు మీద గీసిన గీతే మిషనెక్కుతుంది. నెంబర్ల ప్రమాణం మనల్ని కలుపుతుంది, మాటల ప్రమాణం వెలేస్తుంది. రెంటినీ ఒకే గాటన కట్టొద్దు.

ఆ పట్టికా దేవుడు రాసింది కాదు. ౘలి, ౙొన్న అని మనం పలికే ౘ, ౙలకు అందులో చోటు దొరికింది 2008లోనే. అడిగితే మారుతుంది. అడిగే చోట మనవాళ్లుండాలి.

మేం కోరేది ఇది. ప్రభుత్వ సొమ్ముతో చేసే తెలుగు సాఫ్ట్‌వేర్ అంతా యూనికోడ్‌లోనే ఉండాలి. మాటల జాబితాల్లో మాల మాదిగ వాడల మాటలు ఎక్కాలి. ఇక సంఘాలు చేయాల్సిన పని: పాత ఫైళ్లను, అవి తెరిచే మిషన్లు బతికుండగానే, యూనికోడ్‌లోకి మార్చండి. మన చరిత్రను మనమే దాచుకోకపోతే దాచిపెట్టేవాళ్లు వేరే లేరు.